అమెరికా ఎన్నిక: ఒక లంచ్ టేబుల్, నాలుగు ఓట్లు, ఒక ఖాళీ కుర్చీ

(ఎపిసోడ్ ట్రాన్స్‌క్రిప్ట్. మాట్లాడినట్టే ఉంచాం. చదవడానికి వీలుగా అక్కడక్కడా సరిచేశాం.)

00:00 – ఖాళీ కుర్చీ

కామెంట్లలో చాలా మంది అడుగుతున్నారు, "బ్రో, ఎలక్షన్ టైమ్‌లో నువ్వు అమెరికాలోనే ఉన్నావు కదా, అక్కడ జనం నిజంగా ఏమనుకున్నారో చెప్పు" అని. ట్రంప్ మంచోడా, కమలా హారిస్ మంచిదా అని తేల్చే వీడియో కాదిది. అలాంటివి యూట్యూబ్ నిండా ఉన్నాయి. నేను ఒక లంచ్ టేబుల్ గురించి చెప్తాను.

2024లో నేనింకా సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలోనే ఉన్నా. సెప్టెంబర్‌లో మూడు నెలల ఆన్‌సైట్‌కి పంపారు. పెన్సిల్వేనియా రాష్ట్రంలో బెత్లెహెమ్ అనే ఊరు. పెద్ద గోడౌన్, అక్కడ వాళ్లు వేర్‌హౌస్ అంటారు. అందులో స్టాక్ లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ మాది. మధ్యాహ్నం పన్నెండున్నరకి బ్రేక్ రూమ్‌లో ఒక మూల టేబుల్ దగ్గర కూర్చునేవాణ్ని. అక్కడ రోజూ ఇద్దరుండేవాళ్లు. ఒకాయన షిఫ్ట్ సూపర్‌వైజర్, యాభై దాటిన మనిషి. ఇంకొకావిడ బిల్లింగ్ చూసేది, దాదాపు అదే వయసు. తొమ్మిదేళ్లుగా ఇద్దరూ అదే టేబుల్ దగ్గర తింటున్నారు. ఆయన భార్యకి ఆపరేషన్ అయితే ఈవిడ వారం రోజులు వండి పంపించిందట. నా బాక్స్‌లో పులిహోర చూసి ఇద్దరూ కలిసి నన్ను ఆటపట్టించేవాళ్లు.

నవంబర్ 5, మంగళవారం పోలింగ్. 6న నేను వెళ్లేసరికి ఆయనొక్కడే ఉన్నాడు. ఆవిడ కుర్చీ ఖాళీ. కిటికీలోంచి చూస్తే పార్కింగ్‌లో తన కార్లో కూర్చుని తింటోంది. ఆయన కూడా చూస్తున్నాడు. ఇద్దరికీ గొడవేం జరగలేదు. గొడవ పడి ఉంటే నాకు అర్థమయ్యేది, మనకి అది అలవాటే కదా. ఇక్కడ ఒక్క మాట కూడా లేదు. సైలెన్స్.

తొమ్మిదేళ్ల స్నేహం ఒక్క రాత్రిలో ఎందుకు అలా అయిపోయింది? అది తెలియాలంటే ముందు ఆ ఎన్నిక ఎలా జరుగుతుందో, ఆ ఊరు ఎలాంటిదో తెలియాలి.

02:40 – ఎక్కువ ఓట్లు వచ్చినా ఓడిపోవచ్చు

అమెరికాలో ప్రెసిడెంట్‌ని దేశం మొత్తం ఓట్లు కలిపి లెక్కేసి ఎన్నుకోరు. ఎలక్టోరల్ కాలేజ్ అని ఒక పద్ధతి ఉంది. పేరులో కాలేజ్ ఉంది గానీ బిల్డింగేం లేదు. మొత్తం 538 ఓట్లు. రాష్ట్రాన్ని బట్టి పంచుతారు. కాలిఫోర్నియాకి 54, వయోమింగ్ లాంటి చిన్న రాష్ట్రానికి 3, పెన్సిల్వేనియాకి 19. ఎవరికి 270 వస్తే వాళ్లే ప్రెసిడెంట్.

అసలు మెలిక ఇక్కడుంది. మెయిన్, నెబ్రాస్కా అనే రెండు రాష్ట్రాలు తప్ప మిగతా అన్ని చోట్లా, రాష్ట్రంలో ఒక్క ఓటు ఎక్కువ వచ్చినా అక్కడి ఎలక్టోరల్ ఓట్లన్నీ వాళ్లకే. క్రికెట్‌లో అయిదు మ్యాచ్‌ల సిరీస్ అనుకోండి. రెండు మ్యాచ్‌లు మీరు 150 రన్స్ తేడాతో గెలిచారు. మూడు మ్యాచ్‌లు రెండేసి రన్స్‌తో ఓడారు. మొత్తం రన్స్ మీవే ఎక్కువ. సిరీస్ మాత్రం పోయింది. 2016లో జరిగింది అదే. హిల్లరీ క్లింటన్‌కి దేశం మొత్తం మీద దాదాపు 29 లక్షల ఓట్లు ఎక్కువొచ్చాయి. ప్రెసిడెంట్ అయింది ట్రంప్. 2000లో ఫ్లోరిడాలో 537 ఓట్ల తేడా మొత్తం దేశం ఫలితాన్ని తేల్చింది.

కాలిఫోర్నియా డెమోక్రాట్లకి వెళ్తుందని ముందే తెలుసు, వయోమింగ్ రిపబ్లికన్లకి వెళ్తుందనీ తెలుసు. అక్కడ ప్రచారానికి పెద్దగా పనిలేదు. ఎటు పోతాయో తెలియని రాష్ట్రాలే స్వింగ్ స్టేట్స్. 2024లో అవి ఏడు: పెన్సిల్వేనియా, మిషిగన్, విస్కాన్సిన్, జార్జియా, నార్త్ కరోలినా, అరిజోనా, నెవాడా. వీటిలో అందరికంటే ఎక్కువ ఎలక్టోరల్ ఓట్లున్నది పెన్సిల్వేనియాకే. అందుకే యాడ్ల డబ్బు ఎక్కువగా వచ్చి పడింది కూడా అక్కడే.

పెన్సిల్వేనియాలో తేడాలు చూడండి. 2016లో ట్రంప్ గెలిచింది 44 వేల పైచిలుకు ఓట్లతో. 2020లో బైడెన్ గెలిచింది 80 వేల చిల్లరతో. 2024లో ట్రంప్ మళ్లీ గెలిచింది దాదాపు 1 లక్షా 20 వేలతో. రాష్ట్రంలో పోలైనవి దాదాపు 70 లక్షలు. అంటే వంద మంది వరసలో నిలబడితే యాభై మంది ఇటు, నలభై తొమ్మిది మంది దాకా అటు. మనం టీవీలో చూసిన మ్యాప్‌లో మాత్రం రాష్ట్రం మొత్తం ఎరుపు. ఆ నలభై తొమ్మిది మంది ఎక్కడికీ పోలేదు. అదే వీధిలో, అదే ఆఫీసులో, అదే లంచ్ టేబుల్ దగ్గర ఉన్నారు.

06:15 – ఆ ఊరు కథ

అమెరికాలో కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. పెన్సిల్వేనియాలో 67 కౌంటీలున్నాయి. బెత్లెహెమ్‌లో ఎక్కువ భాగం నార్తాంప్టన్ కౌంటీ కిందకొస్తుంది. ఈ కౌంటీ రికార్డ్ వినండి. 2008లో, 2012లో ఒబామా. 2016లో ట్రంప్. 2020లో బైడెన్, అది కూడా ఒక శాతం కూడా లేని తేడాతో. 2024లో మళ్లీ ట్రంప్. అయిదుకి అయిదు సార్లు ఇక్కడ గెలిచినవాళ్లే వైట్‌హౌస్‌కి వెళ్లారు. అందుకే ఎలక్షన్ వచ్చిందంటే దేశంలోని రిపోర్టర్లంతా ఇక్కడ కాఫీ షాపుల్లో మైకులు పట్టుకుని తిరుగుతారు. మా సూపర్‌వైజర్ నవ్వుతూ అనేవాడు, "నాలుగేళ్లకోసారి మేం సెలబ్రిటీలం. తర్వాత మా ఊరి పేరు కూడా ఎవరికీ గుర్తుండదు" అని.

ఒకప్పుడు ఆ ఊరంటే స్టీల్. గోల్డెన్ గేట్ బ్రిడ్జికి స్టీల్ ఇక్కడి కంపెనీదే. ఊరిపేరే కంపెనీ పేరు, బెత్లెహెమ్ స్టీల్. 1995లో ఇక్కడ స్టీల్ తయారీ ఆగిపోయింది. 2001లో కంపెనీ దివాలా తీసింది. పాత ఫర్నేసులు ఇప్పటికీ నల్లగా, ఎత్తుగా నది పక్కన నిలబడే ఉన్నాయి. వాటి కింద ఇప్పుడు మ్యూజిక్ ప్రోగ్రాములు పెడతారు. ప్లాంట్ స్థలంలో ఒక భాగంలో కెసీనో వచ్చింది. న్యూయార్క్ దగ్గర, హైవే దగ్గర కాబట్టి చుట్టూ వేర్‌హౌస్‌లు వచ్చాయి. మా సూపర్‌వైజర్ నాన్న స్టీల్ ప్లాంట్ మనిషి. ఆయన యూనియన్ జీతంతో ఇల్లు కొన్నాడు, పెన్షన్ తెచ్చుకున్నాడు. కొడుకు వేర్‌హౌస్‌లో చేరాడు. ఉద్యోగం ఉంది గానీ నాన్నకున్న ధీమా లేదు.

పక్కనే అలెన్‌టౌన్. ఆ సిటీలో సగానికి పైగా లాటినో జనాభా, అందులో ప్యూర్టోరికో నుంచి వచ్చినవాళ్లు చాలా మంది. పోలింగ్‌కి తొమ్మిది రోజుల ముందు న్యూయార్క్‌లో ట్రంప్ సభలో ఒక కమెడియన్ ప్యూర్టోరికోని చెత్త దీవి అన్నాడు. రెండ్రోజులకి బైడెన్ నోట కూడా చెత్త అనే మాట వచ్చింది, అది ట్రంప్ సపోర్టర్లని అన్నదని అటువైపు వాళ్లకి మండిపోయింది. ఆ వారం మా వేర్‌హౌస్‌లో లోడింగ్ దగ్గర ఎవరూ ఎవరితోనూ జోక్ వెయ్యలేదు. టీవీలో పడిన ఒక మాట ఇక్కడ ప్యాలెట్లు మోసేవాళ్ల మధ్యకొచ్చి కూర్చుంది.

09:30 – మొదటి ఓటు: గుడ్ల అట్టపెట్టె

మా సూపర్‌వైజర్ ఓటు చరిత్ర అచ్చం ఆ కౌంటీ చరిత్రే. ఒబామా, ఒబామా, ట్రంప్, బైడెన్, ట్రంప్. నేను మొదట విని, ఈయనకి ఒక అభిప్రాయం అంటూ లేదేమో అనుకున్నా. అడిగేశా కూడా. ఆయనేం కోప్పడలేదు. "నేను మారలేదు. ప్రతిసారీ ఒకటే అడుగుతున్నా. నాకు నెలాఖరుకి డబ్బులు మిగలాలి" అన్నాడు.

ఇక్కడ ఒక కాన్సెప్ట్ చెప్పాలి. 2022 జూన్‌లో అమెరికాలో ధరలు అంతకుముందు ఏడాది కంటే 9.1 శాతం పెరిగాయి. నలభై ఏళ్లలో అంత లేదు. 2024 అక్టోబర్‌కి ఆ పెరుగుదల 2.6 శాతానికి వచ్చింది. బైడెన్ ప్రభుత్వం "ద్రవ్యోల్బణం తగ్గించాం" అంది. అబద్ధం కాదు. కానీ సూపర్‌మార్కెట్లో ఆయనకి బిల్లు తగ్గలేదు. ఎందుకు? ద్రవ్యోల్బణం తగ్గడం అంటే ధర తగ్గడం కాదు, ధర పెరిగే స్పీడ్ తగ్గడం. బండి వందలో వెళ్తూ ముప్ఫైకి తగ్గించింది. ముందుకే వెళ్తోంది కదా, వెనక్కి రాలేదు. నాలుగేళ్లలో అన్నీ కలిపి ధరలు దాదాపు 20 శాతం పెరిగాయి. 100 డాలర్ల సరుకులు 120 అయ్యాయి. ఆ 120 మళ్లీ 100 అవ్వలేదు.

గుడ్ల రేటుకి బర్డ్ ఫ్లూ కూడా కారణం, కోట్ల కోళ్లని చంపేయాల్సి వచ్చింది. ఆ సంగతి ఆయనకీ తెలుసు. "తెలుసు. కానీ నేను కష్టంగా ఉందన్నప్పుడు టీవీలో ఒకాయన గ్రాఫ్ చూపించి, నీకు బాగానే ఉంది అన్నాడు. అక్కడ పోయింది నాకు" అన్నాడు. ట్రంప్ మాట తీరు ఆయనకి నచ్చదు. మనవడి ముందు ఆయన స్పీచ్ వస్తే ఛానల్ మారుస్తాడు. అయినా ఓటు ఆయనకే. మీరు ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. దాని వెనక లెక్క లేదని మాత్రం అనలేరు.

12:50 – రెండో ఓటు: టెక్సస్‌లో కూతురు

బిల్లింగ్ ఆవిడ ఓటు హారిస్‌కి. ఆవిడకీ సరుకుల రేట్లు మండుతున్నాయి, అదే సూపర్‌మార్కెట్. కానీ ఆవిడ కూతురు టెక్సస్‌లో చదువుతోంది.

2022 జూన్‌లో అమెరికా సుప్రీం కోర్టు, అబార్షన్ రాజ్యాంగ హక్కు అని చెప్పిన దాదాపు యాభై ఏళ్ల నాటి తీర్పుని కొట్టేసింది. ఇక ఏ రాష్ట్రం చట్టం ఆ రాష్ట్రానిదే. పెన్సిల్వేనియాలో ఇప్పటికీ చట్టబద్ధమే. టెక్సస్‌లో దాదాపు పూర్తి నిషేధం. ఆ తీర్పు ఇచ్చిన మెజారిటీలో ముగ్గురు జడ్జీలు ట్రంప్ మొదటి టర్మ్‌లో నియమించినవాళ్లు. ఆవిడ నాతో అన్న మాట: "నా కూతురికి రేపు పెళ్లై, కడుపుతో ఉన్నప్పుడు ఏదైనా అయితే, డాక్టర్ ముందు ఆమెని చూస్తాడా, లాయర్‌కి ఫోన్ చేస్తాడా?" ఇంకోటి కూడా ఉంది. 2021 జనవరి 6న ట్రంప్ మద్దతుదారులు పార్లమెంట్ భవనం క్యాపిటల్ మీద దాడి చేశారు. అది చూశాక మళ్లీ ఆయనకి ఓటెయ్యడం ఎవరికైనా ఎలా సాధ్యం అన్నది ఆవిడ ప్రశ్న.

ఇప్పుడు ఆ ఖాళీ కుర్చీ అర్థమవుతోందా? ఆయన దృష్టిలో తను గుడ్ల బిల్లు మీద ఓటేశాడు. ఆవిడ దృష్టిలో ఆయన తన కూతురికి వ్యతిరేకంగా ఓటేశాడు. ఇద్దరూ ఒకే బ్యాలెట్ మీద వేరే వేరే ప్రశ్నలకి జవాబు రాశారు. డబ్బాలో పడ్డాక రెండూ ఒకే ప్రశ్నకి జవాబులైపోయాయి. రెండు పెద్ద పార్టీలే ఉన్న చోట, ధరలు, కోర్టులు, సరిహద్దు, యుద్ధాలు, అన్నిటికీ కలిపి ఒకే ఒక్క టిక్కు. ఆ టిక్కుని చూసి లోపలి మనసు చదివేశాం అనుకోవడమే సమస్య.

15:20 – మూడు, నాలుగు: ఇంటి ఓనర్, మన తెలుగాయన

నేను అద్దెకున్న ఇంటి ఓనర్ పెద్దాయన. వీధిలో దాదాపు ప్రతి ఇంటి ముందూ గడ్డిలో బోర్డు గుచ్చి ఉంది, ఒకటి ట్రంప్, దాని పక్కింట్లో హారిస్. ఈయన ఇంటి ముందు మాత్రం గుమ్మడికాయలే. ఎందుకని అడిగితే, "2020లో ఒక బోర్డు పెట్టా. పక్కింటాయన ఆ చలికాలం నా వాకిట్లో మంచు తీయడం మానేశాడు. నాకు మోకాళ్ల నొప్పులు" అన్నాడు. అంతకుముందు పదేళ్లు ఆ పక్కింటాయనే తీసేవాడట. ఎవరికి ఓటేశాడో చివరి దాకా చెప్పలేదు, నేనూ రెట్టించలేదు. లోకల్ వాతావరణం అంటే ఇదే. ఎవరు గెలుస్తారన్నది కాదు, నా మనసులో మాట పైకంటే నాకేం పోతుంది అన్న లెక్క.

మనకి వింతగా అనిపించే విషయం ఇంకోటి. పెన్సిల్వేనియాలో ఓటరుగా నమోదయ్యేటప్పుడే ఏ పార్టీ అన్నది రాయించుకోవచ్చు. పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీలో ఓటెయ్యాలంటే ఆ పార్టీలో నమోదై ఉండాల్సిందే. ఓటు రహస్యమే, కానీ పార్టీ నమోదు రహస్యం కాదు. ప్రచారం చేసేవాళ్ల ఫోన్ యాప్‌లో ఇంటి నంబర్ ఎదురుగా అది కనిపిస్తుంది. అందుకే కొన్ని తలుపులు రోజుకి మూడుసార్లు కొడతారు, కొన్ని అసలు కొట్టరు.

నాలుగో ఓటు మన తెలుగాయనది. అక్కడ దసరా బతుకమ్మ ప్రోగ్రాంలో పరిచయం. అన్నా అని పిలిచేవాణ్ని. 2006లో హెచ్1బీ మీద వెళ్లాడు, పదేళ్లకు పైగా గ్రీన్ కార్డ్ క్యూలో ఉన్నాడు, తర్వాత సిటిజన్ అయ్యాడు. ప్రెసిడెంట్ ఎన్నికలో అదే మొదటి ఓటు. మీలో చాలా మందికి తెలియకపోవచ్చు, హెచ్1బీ వాళ్లకి గానీ గ్రీన్ కార్డ్ వాళ్లకి గానీ ప్రెసిడెంట్ ఎన్నికలో ఓటు లేదు. సిటిజన్స్‌కి మాత్రమే. అంటే వీసా రూల్స్ మారితే ముందు ఎవరి జీవితం తలకిందులవుతుందో, వాళ్లకే ఓటు లేదు.

అన్న అనేవాడు, "నేను ప్రతి కాగితం సరిగ్గా పెట్టి ఇన్నేళ్లు ఆగాను. బోర్డర్ దాటి వచ్చినవాళ్ల గురించే అందరూ మాట్లాడతారు, నా క్యూ గురించి ఎవరూ మాట్లాడరు" అని. వదిన వెంటనే, "బయట మనల్ని చూసేవాళ్లకి మీ కాగితాలు కనబడతాయా? రంగే కదా కనబడేది" అంది. ఇద్దరి ఓట్లూ వేరే వేరే. కారొకటే, వెళ్లింది ఒకే పోలింగ్ బూత్‌కి. తిరిగొస్తూ ఇండియన్ స్టోర్లో కరివేపాకు కొనుక్కుని వచ్చారు. ఆ రోజుల్లో మన టీవీల్లో ఉషా వాన్స్ పూర్వీకుల ఊరు వడ్లూరు, కమలా హారిస్ తాతగారి ఊరు తులసేంద్రపురం చూపిస్తున్నారు కదా. నేను ఆ లంచ్ టేబుల్ దగ్గర ఉన్నన్ని రోజుల్లో ఆ ఊళ్ల పేర్లు ఒక్కరు కూడా ఎత్తలేదు. మనకి అది మనవాళ్ల కథ. వాళ్లకి అది అద్దె, మందులు, కూతురు, ఉద్యోగం.

18:40 – లెక్క మీద నమ్మకం పోతే?

ఇంజినీర్‌గా నన్ను బాగా పట్టేసిన భాగం ఇది. సైలెన్స్ ఒక్కటే అయితే ఎలాగో సర్దుకుపోవచ్చు. ఓట్ల లెక్కే తప్పు అనుకుంటే మాత్రం ఇక మాట్లాడుకోవడానికి ఏం మిగలదు.

అమెరికాలో మన ఎలక్షన్ కమిషన్ లాగా దేశమంతా ఓటింగ్ నడిపే సంస్థ లేదు. నడిపేది కౌంటీలు. పెన్సిల్వేనియాలో పోలింగ్ బూత్‌కి పెద్దగా ఉండే మనిషిని జడ్జ్ ఆఫ్ ఎలక్షన్స్ అంటారు. కోర్టు జడ్జి కాదు, ఆ వీధి ఓటర్లే ఎన్నుకున్న పక్కింటి మనిషి. మా బూత్ దగ్గర మా ఓనర్‌కి తెలిసిన రిటైర్డ్ టీచరమ్మ ఆ పనిలో ఉంది.

2020లో ఏం జరిగిందంటే, కారణం చెప్పకుండానే పోస్ట్‌లో ఓటెయ్యొచ్చని 2019లో వచ్చిన కొత్త చట్టం ఉంది, పైగా కోవిడ్. లక్షల్లో పోస్టల్ ఓట్లు వచ్చాయి. కానీ పోలింగ్ రోజు ఉదయం 7 గంటల లోపు ఆ కవర్లు విప్పకూడదని రాష్ట్ర చట్టం. ట్రంప్ తన వాళ్లని పోస్టల్ ఓటు నమ్మొద్దన్నాడు, డెమోక్రాట్లు ఎక్కువగా పోస్ట్‌లోనే వేశారు. ఫలితం? బూత్ ఓట్లు ముందు లెక్కయ్యాయి, ట్రంప్ 6 లక్షలకు పైగా ముందున్నాడు. తర్వాత పోస్టల్ ఓట్లు లెక్కయ్యే కొద్దీ ఆ లీడ్ కరిగిపోయింది. మంగళవారం పోలింగ్ అయితే శనివారం గానీ తేలలేదు. రాత్రి గెలుస్తున్నాడని పడుకున్నవాడు పొద్దున ఓడిపోతున్నాడంటే ఏమనుకుంటాడు? మోసం అనుకుంటాడు. కోర్టుల్లో 60కి పైగా కేసులు వేశారు, దాదాపు అన్నీ కొట్టేశారు. ఫలితం తారుమారయ్యేంత మోసం రుజువు కాలేదు. నిజానికి అది లెక్కపెట్టే వరస వల్ల వచ్చిన తేడా. సాఫ్ట్‌వేర్‌లో డేటా ఏ వరసలో లోడ్ అయితే స్క్రీన్ మీద ముందు అదే కనిపిస్తుంది కదా, అలాగే.

అలా అని మెషీన్లు ఎప్పుడూ తప్పు చెయ్యవని నేననను. ఇదే నార్తాంప్టన్ కౌంటీలో 2019 నవంబర్‌లో కొత్త మెషీన్లు వాడారు. ఒక జడ్జి పోస్టుకి పోటీ చేసిన అభ్యర్థికి దాదాపు 55 వేల బ్యాలెట్లలో 164 ఓట్లే చూపించాయి. ఎవరైనా నమ్ముతారా? అధికారులు ఆ రాత్రే మెషీన్ల లోపల పడిన కాగితం రికార్డులు బయటికి తీసి లెక్కపెట్టారు. తేలిందేంటంటే, ఆ అభ్యర్థి గెలిచాడు! మన వీవీప్యాట్ కాగితం లాంటిదే అది. మెషీన్ తప్పు చేసింది, కాగితం కాపాడింది.

మా సూపర్‌వైజర్ ఈ సంఘటన చెప్పి, "చూశావా, మెషీన్లు నమ్మలేం" అనేవాడు. బిల్లింగ్ ఆవిడ అదే సంఘటన చెప్పి, "చూశావా, తప్పు జరిగితే దొరుకుతుంది" అనేది. ఒకే బగ్, రెండు బగ్ రిపోర్టులు. నా ఓటు ఆవిడ మాటకే. టెస్టింగ్ చేసిన ఎవడికైనా తెలుసు, తప్పు లేని సిస్టమ్ ఉండదు, తప్పుని పట్టుకునే సిస్టమ్ ఉంటుంది. అయితే ఆయన అనుమానాన్ని "పిచ్చి" అని కొట్టిపారేస్తే ఆయన ఆ కాగితం గురించి వినడు. కాగితం చూపించాలి.

2024లో లెక్క త్వరగా తేలింది. మధ్యలో ఆపకుండా లెక్కపెట్టే షరతు మీద కౌంటీలకి డబ్బిచ్చే చట్టం 2022లోనే వచ్చింది. తెల్లవారుజాము రెండున్నర లోపే పెన్సిల్వేనియా ట్రంప్‌దని వార్తా సంస్థలు ప్రకటించాయి. చివరికి ఏడు స్వింగ్ స్టేట్స్ ఆయనకే వెళ్లాయి. 312కి 226. దేశం మొత్తం ఓట్లలో మాత్రం తేడా ఒకటిన్నర శాతమే.

23:10 – కుర్చీ మళ్లీ నిండిందా?

సినిమా అయితే మరుసటి రోజే ఇద్దరూ చేతులు కలిపేవాళ్లు. అలా ఏం జరగలేదు. ఆవిడ ఎనిమిది రోజులు కార్లోనే తింది. తొమ్మిదో రోజు బాగా చలి. లోపలికొచ్చి అదే కుర్చీలో కూర్చుంది. ఆయన ఎలక్షన్ ఎత్తలేదు. మొబైల్ పక్కన పెట్టి, "మీ అమ్మాయి థాంక్స్‌గివింగ్‌కి వస్తోందా?" అని అడిగాడు. ఆవిడ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "వస్తోంది. ఆ విషయం మీద ఒకసారి నీతో మాట్లాడాలి, ఇవాళ కాదు" అంది. ఆయన "సరే" అన్నాడు. నేను పులిహోర బాక్స్ మధ్యలోకి జరిపా. నేను వచ్చేసేలోపు ఆ మాట్లాడాల్సింది మాట్లాడుకున్నారో లేదో నాకు తెలియదు.

నేను ఇది ఎందుకు చెప్తున్నానంటే, నా దగ్గరా ఒక ఖాళీ కుర్చీ ఉంది. 2024 జూన్ 4న మన ఆంధ్ర ఫలితాలు వచ్చిన రోజు మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో మా బాబాయ్‌కీ నాకూ పడింది. ఏ పార్టీ అని అడగకండి, చెప్పను. నేను వయసు కూడా చూడకుండా ఒక మాట అన్నా. ఆయన గ్రూపులోంచి వెళ్లిపోయాడు. నన్ను స్కూటర్ మీద ఎక్కించుకుని ఎంసెట్ సెంటర్‌కి తీసుకెళ్లిన మనిషి. అయిదు నెలలు మాట్లాడలేదు. అమెరికా వెళ్తున్నానని కూడా చెప్పలేదు.

ఆ తొమ్మిదో రోజు రాత్రి ఫోన్ చేశా. "బాబాయ్, ఆ రోజు అలా అనకుండా ఉండాల్సింది. నువ్వు ఎవరికి వేశావో నాకు తెలుసు. ఏం చూసి వేశావో మాత్రం ఎప్పుడూ అడగలేదు. చెప్తావా?" అన్నా. అటువైపు కాసేపు ఏం వినపడలేదు. "ముందు అక్కడ చలెలా ఉందో చెప్పరా. స్వెటర్ ఉందా?" అన్నాడు.

కారణం తర్వాత చెప్పాడులెండి. నేను ఒప్పుకోలేదు. ఆయనా నా మాట ఒప్పుకోలేదు. కానీ ఇప్పుడు వారానికోసారి మాట్లాడుకుంటున్నాం.

సో ఫ్రెండ్స్, నాకు అర్థమైంది ఇంతే. మ్యాప్‌లో రెండు రంగులే ఉంటాయి, ఎందుకంటే మ్యాప్ గెలుపు మాత్రమే లెక్కపెడుతుంది. మనిషి ఎందుకు వేశాడో అందులో ఉండదు. అది తెలియాలంటే అడగాలి. అడిగాక ఒప్పుకోవాలని రూలేం లేదు. తప్పనిపిస్తే తప్పని చెప్పండి, నేనూ చెప్తా. కానీ వినకముందే కుర్చీ జరిపేయకండి.

మీ ఇంట్లో, మీ ఫ్రెండ్స్‌లో ఎలక్షన్ వల్ల మాటలు ఆగిపోయినవాళ్లు ఉంటే, కామెంట్లో రాయకముందు వాళ్లకి ఒక మెసేజ్ పెట్టండి. పార్టీ పేరు లేకుండా. తర్వాత వచ్చి ఏమన్నారో రాయండి, నేను అన్నీ చదువుతాను. నెక్స్ట్ ఎపిసోడ్‌లో, చాలా మంది అడిగిన హెచ్1బీ లాటరీ అసలు ఎలా పని చేస్తుందో చూద్దాం. ఉంటాను మరి. నమస్తే.